సబ్బుల లెక్క

మోంతెవిదేయోలో, సముద్రమంత వెడల్పు నది ఒడ్డున ఆస్పత్రి.
మూడో వార్డు స్టోరు తాళంచెవి
ముప్పయ్యొక్క ఏళ్లు నా నడుముకే వేలాడింది.
దుప్పట్లు, చీపుళ్లు, సబ్బులు.
మనిషికి నెలకి రెండు బిళ్లలు, అది రూలు.
అనాక్లేతోకి పందొమ్మిది.

రేవులో చేపలు కోసేవాడు.
నీళ్లు పొగలు కక్కాలి, మోచేతుల దాకా తడవాలి,
ఏడుసార్లు.
మధ్యలో ఎవరన్నా దగ్గితే మళ్లీ ఒకటి నుంచి.
ఆ చేతులు
ఉప్పులో వేసి మరిచిపోయిన నిమ్మడిప్పలు.

దిష్టి అంది మొదట వాళ్ల అమ్మమ్మ.
పళ్లెంలో నీళ్లు పోసి నూనెచుక్క వేసింది.
చుక్క చెదిరింది. చూశావా, అంది.
నేను నవ్వలేదు. వచ్చిన వాళ్లందరిలో
అతని తల నిమిరింది ఆమె ఒక్కతే.

పైపు కాల్చే డాక్టర్ కాసాల్‌కి ఒక సోఫా ఉండేది.
ఏం కడుగుతున్నావు నువ్వు, నిజంగా?
నాలుగేళ్లు అడిగాడు.
తల్లి, తండ్రి, ఉయ్యాల, కలలో ఈదే తలలేని చేపలు.
అనాక్లేతో మాటకారి అయ్యాడు.
తన చేతుల గురించి గంటసేపు కథలా చెప్పి
లేచి, కుళాయి దగ్గరికి వెళ్లేవాడు.
ఆ ఏడాది నెలకి ఇరవైయొకటి.

ఓదీలియా వచ్చింది, కొత్త చదువు, అరిగిన బూట్లు.
భయానికి మెట్లుంటాయట.
తలుపు గొళ్లెం ఒక మెట్టు, చిల్లర నాణెం ఇంకో మెట్టు,
అన్నిటికన్నా పైన చేప పొలుసు.
ముట్టుకో, కడగొద్దు, నాతో కూర్చో,
అల లేచినట్టే విరుగుతుంది, అనేది.
ముందు తనే ముట్టుకునేది.
కిటికీలోంచి చూశాను, ఇద్దరూ వణుకుతున్నారు.
పదకొండు. ఎర్ర పెన్సిలుతో రాశాను ఆ అంకె.
ఆమెకి బదిలీ అయింది. పదిహేను.

తర్వాత తెల్ల మాత్రలు.
మెదడులో ఏదో రసం తక్కువట, పప్పులో ఉప్పులా.
ఆరు!
కానీ మాతే తాగుతూ గిన్నె పక్కన పెట్టేశాడు, రుచి తెలీట్లేదని.
ఎవరో రేడియో సౌండు తగ్గించారు, స్టేషన్ మార్చలేదు, అన్నాడు.

ఇంకొకాయన నోటుబుక్కు ఇచ్చాడు, మధ్యలో గీత.
ఇటు నీ ఆలోచన. అటు దానికి సాక్ష్యం.
నా చేతులు మురికి, అని ఇటు రాశాడు.
అటువైపు మూడు రోజులు ఖాళీ.
నాలుగో రోజు ఒక పేరు: హెనారో.
సైనికులు షెడ్డులోకి వచ్చిన ఏడు
కరపత్రాలు ఎవరివని అడిగితే
వేలు చూపించాడట.
ఈ వేలే.

వార్డంతా ఊపిరి పీల్చుకుంది. దొరికింది, కారణం.
సంఘసేవకురాలు బల్ల గుద్దింది:
దేశం దేశమంతా చేతులు దులుపుకుంటే
కడుక్కోడానికి వీడొక్కడు మిగిలాడు.
గొప్ప మాట. నాకూ కళ్లు చెమర్చాయి.

ఆదివారం వాళ్లక్క వచ్చింది, సంచిలో నారింజలతో.
అదేంటి, అంది,
వీడు పదకొండో ఏట నుంచే కడిగేవాడు.
మా నాన్న పెరట్లో కుళాయి విప్పేసి దాచేవాడు.

ఎవ్వరూ మాట్లాడలేదు.
నారింజలు అందరికీ సరిపోయాయి.

నా రిజిస్టర్లో తేదీ గడి ఉంది, సంఖ్య గడి ఉంది, సంతకం గడి.
కారణం అనే గడి లేదు.
చాలాసార్లు అనుకున్నాను, గీయాలని.
ఎంత వెడల్పు గీయాలో తెలియలేదు.

ఇప్పుడతను ఊళ్లోనే, మేడమీద గదిలో.
సగం మాత్ర వేసుకుంటాడు, నోటుబుక్కు ఉంచుకున్నాడు,
గురువారం గురువారం హెనారో చెల్లెలి ఇంటి దాకా వెళ్లి
గంట కొట్టకుండా తిరిగొస్తాడు.
నెలకి మూడు. దక్షిణపు గాలి వీచే ఆగస్టులో అయిదు.

నేను రిటైరైన రోజు వచ్చాడు.
చెయ్యి చాచాడు.
పట్టుకున్నాను. గరుకుగా, పొడిగా, వెచ్చగా.
తాళంచెవి ఇచ్చేసి మెట్లు దిగుతూ వెనక్కి చూశాను.
కుళాయి వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు.
కదల్లేదు.
నేను మలుపు తిరిగాక
వెళ్లాడేమో.